గ్రీన్ కార్డు నుంచి అమెరికా పౌరసత్వం దాకా: ఎన్-400కు ముందు, ప్రమాణం తర్వాత

అమెరికా పౌరసత్వం మాట రాగానే మనవాళ్లు ముందుగా అడిగేది పరీక్ష గురించే. ప్రశ్నలు ఎన్ని, పుస్తకం ఎక్కడ దొరుకుతుంది, అమ్మ గట్టెక్కుతుందా అని. నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో తేలికైనది పరీక్షే. అందులో తప్పినా రెండో అవకాశం ఇస్తారు. దేశం బయట గడిపిన రోజుల లెక్క తప్పితే మాత్రం దరఖాస్తును తిరస్కరిస్తారు, కట్టిన రుసుము తిరిగి రాదు. ఎన్-400 అనే ఆ దరఖాస్తు ఫారంలోని అవును-కాదు ప్రశ్నల్లో ఒకదానికి అబద్ధం రాస్తే చేతిలో ఉన్న గ్రీన్ కార్డుకే ఎసరు రావచ్చు. ఇక ప్రమాణం చేసి వచ్చాక భారతదేశం వైపు చేయాల్సిన పనులు కొన్ని ఉంటాయి. ఇండియాకు టికెట్లు కొన్న తర్వాత గానీ అవి చాలామందికి గుర్తు రావు. అందుకే ఇక్కడ పరీక్షకు తక్కువ చోటు, మిగతావాటికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఇది గ్రీన్ కార్డు చేతికి వచ్చినవాళ్ల కోసం. హెచ్-1బీ నుంచి నేరుగా పౌరసత్వానికి దారి లేదు. ఆ వీసా మీద పదిహేనేళ్లు పనిచేసి పన్నులు కట్టినా, పౌరసత్వానికి కావలసిన గడువులో అందులో ఒక్క రోజు కూడా కలవదు. లెక్క మొదలయ్యేది గ్రీన్ కార్డు వచ్చిన రోజు నుంచే.

ముందు, తీసుకోవాలో వద్దో తేల్చుకోండి

గ్రీన్ కార్డుతోనే జీవితాంతం ఉండిపోవచ్చు. పదేళ్లకోసారి కార్డు మార్చుకుంటే చాలు. మరి పౌరసత్వం ఎందుకు? ఓటు హక్కు వస్తుంది. తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు కోసం దరఖాస్తు చేయవచ్చు, దానికి ఏళ్ల తరబడి క్యూ ఉండదు. ఇండియాలో రెండేళ్లు ఉండాల్సి వచ్చినా తిరిగి రానిస్తారో లేదోనన్న బెంగ ఉండదు. నన్నడిగితే మూడింటిలో ఈ చివరిదే పెద్ద కారణం. పెద్దవాళ్ల ఆరోగ్యం బాగాలేక నెలల తరబడి ఊళ్లో ఉండాల్సి వచ్చినవారికి గ్రీన్ కార్డు ఎంత సన్నని తాడో తెలుస్తుంది.

పోయేది కూడా చూసుకోండి. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణాన భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. దాన్ని ఎవరూ రద్దు చేయనక్కరలేదు, మీకు నోటీసూ రాదు. రెండోది పన్ను. అమెరికా పౌరులు ప్రపంచంలో ఎక్కడ నివసించినా, ఎక్కడ సంపాదించినా అమెరికాకు ఆ ఆదాయం చూపించి రిటర్న్ దాఖలు చేయాలి. పదేళ్ల తర్వాత హైదరాబాద్‌లోనో విశాఖలోనో స్థిరపడాలన్న ఆలోచన ఉంటే, అక్కడి అద్దెలు, డిపాజిట్ల వడ్డీ, మ్యూచువల్ ఫండ్లు ఏటేటా ఇక్కడి లెక్కల్లోకి వస్తాయని ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

అసలు ఈ ఎంపిక మనవాళ్లకు ఎప్పుడూ ఉన్నది కాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా ఆ తలుపు మూసే ఉంది. 1920లలో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లోనూ ఆ తర్వాత లెడర్లీ ప్రయోగశాలలోనూ అంత పరిశోధన చేసిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు 1948లో కన్నుమూసేనాటికీ అమెరికా పౌరుడు కాదు.

రోజుల లెక్క వేయండి

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. గ్రీన్ కార్డు మీద 'రెసిడెంట్ సిన్స్' అని ఉన్న తేదీ మొదటి గడిలో రాయండి. ఆ తర్వాత దేశం దాటిన ప్రతి ప్రయాణం: వెళ్లిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ. పాస్‌పోర్టు ముద్రలు, విమాన టికెట్ల ఈమెయిళ్లు, సరిహద్దు శాఖ వెబ్‌సైటులోని ఐ-94 ప్రయాణ చరిత్ర, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని పూరించండి. వారాంతంలో కెనడా వైపు నయాగరా చూసి వచ్చిన రోజు కూడా వదలకండి. గుర్తు ఉన్నంత వరకు రాద్దామనుకునేవాళ్లే ఇంటర్వ్యూలో తడబడతారు.

ఇప్పుడు నాలుగు విషయాలు సరిచూడండి. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు నిండాలి. ఆ ఐదేళ్లలో కనీసం 30 నెలలు, అంటే 913 రోజులు, అమెరికా నేల మీద ఉండాలి. బయలుదేరిన రోజు, తిరిగి దిగిన రోజు రెండూ అమెరికాలో ఉన్న రోజులుగానే లెక్క. దరఖాస్తు చేసే రాష్ట్రంలో కనీసం మూడు నెలలుగా నివాసం ఉండాలి. నాలుగోది అందరినీ ఇబ్బంది పెట్టేది: ఏ ఒక్క ప్రయాణమూ ఆరు నెలలు మించకూడదు.

ఆరు నెలలు దాటి ఏడాదిలోపు బయట ఉంటే, మీ నివాసం తెగిపోయిందని అధికారులు అనుకుంటారు. కాదని నిరూపించుకునే బాధ్యత మీది. అమెరికాలో ఉద్యోగం కొనసాగిందని, ఇంటి అద్దె లేదా అప్పు కడుతూనే ఉన్నారని, భార్యాపిల్లలు ఇక్కడే ఉన్నారని కాగితాలతో చూపించాలి. ఏడాది దాటితే ఇక వాదన లేదు, నివాసం తెగినట్లే. తిరిగి వచ్చిన తర్వాత నాలుగేళ్ల ఒక రోజు దాకా ఆగాలి, అప్పుడు కూడా ఆ పాత ప్రయాణం గురించి వివరణ అడిగే అవకాశం ఉంటుంది. రీఎంట్రీ పర్మిట్ (ఎక్కువ కాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందుగా తీసుకునే అనుమతి) ఉంది కదా అని ధైర్యం చెప్పేవాళ్లు మీకు తప్పక తగులుతారు. ఆ పర్మిట్ కాపాడేది గ్రీన్ కార్డును. పౌరసత్వ గడువును అది కాపాడదు.

ఈ నిబంధన దెబ్బ ఎక్కువగా తగిలేది అమ్మానాన్నలకు. ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు ఊళ్లో అన్న ఏర్పాటుతో వాళ్లు గ్రీన్ కార్డు నెట్టుకొస్తుంటారు. ఒక్కో ప్రయాణం ఆరు నెలలు దాటకుండా చూసుకున్నా, ఐదేళ్లూ కలిపి 30 నెలలు నిండకపోవచ్చు. వాళ్ల స్ప్రెడ్‌షీట్ మీ కంటే ముందే మొదలుపెట్టండి.

ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందు నుంచి దరఖాస్తు పంపవచ్చు. 91 రోజుల ముందు పంపితే తిరస్కరణే. వలస సేవల శాఖ వెబ్‌సైటులో ఇందుకు గణన పట్టిక ఉంది. అది చూపిన మొదటి రోజునే పంపకుండా రెండు మూడు రోజులు ఆగితే పోయేదేమీ లేదు.

భార్యాభర్తల విషయంలో ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది. ఆయనకు పౌరసత్వం వస్తే ఆమెకు మూడేళ్లకే వస్తుందని. ఆ మూడేళ్ల నియమం వర్తించాలంటే ఆమె గ్రీన్ కార్డుతో మూడేళ్లు ఉండాలి, ఆ మూడేళ్లూ ఆయన అప్పటికే పౌరుడై ఉండాలి, ఇద్దరూ కలిసి కాపురం చేస్తూ ఉండాలి. ఇద్దరికీ ఒకే రోజున గ్రీన్ కార్డు వచ్చిన దంపతులకు దీనివల్ల ఒరిగేది లేదు. ఎవరి దరఖాస్తు వాళ్లది, ఎవరి రుసుము వాళ్లది.

పేరు సరిచేసుకునే అవకాశం ఇదే

తెలుగువాళ్ల పేర్లతో అమెరికా కంప్యూటర్లు పడే అవస్థ అందరికీ తెలిసిందే. ఇంటి పేరు ముందు, అసలు పేరు వెనుక. పాత భారత పాస్‌పోర్టుల్లో మొత్తం పేరు ఒకే గడిలో పెట్టి, ఇంటి పేరు గడి ఖాళీగా వదిలేసిన సందర్భాలు కోకొల్లలు. అలాంటివాళ్లకు వీసా ఇచ్చేటప్పుడు మొదటి పేరు గడిలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని పెడతారు, పేరు తెలియదని అర్థం. అది గ్రీన్ కార్డు దాకా వెంట వచ్చి, బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ అదే మన పేరైనట్లు పిలిపించుకుంటుంది.

ఎన్-400 ఫారంలోనే పేరు మార్పు కోరవచ్చు. దానికి వేరే రుసుము లేదు. అయితే పేరు మార్చే అధికారం కోర్టుకే ఉంది కాబట్టి మీ ప్రమాణం న్యాయమూర్తి ఎదుట జరగాలి. కొన్ని ప్రాంతాల్లో ఆ తేదీ కోసం కొంత ఎక్కువ కాలం ఆగాల్సి వస్తుంది. ఎఫ్‌ఎన్‌యూ తీసేయడానికి, ఇంటి పేరును దాని గడిలోకి చేర్చడానికి ఆ నిరీక్షణ తప్పక విలువైనదే.

అంతకు మించి ముచ్చట పడకండి. ఇండియాలో మీ పదో తరగతి సర్టిఫికెట్, పాన్ కార్డు, ఫ్లాటు రిజిస్ట్రేషన్, నాన్నగారి వీలునామా, అన్నింటిలో పాత పేరే ఉంటుంది. సత్యనారాయణను శామ్‌గా మార్చుకున్న పెద్దమనిషి రేపు సబ్‌రిజిస్ట్రార్ ఎదుట ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్లు ఇచ్చుకోవాలి. పేరు మార్చుకుంటే కోర్టు ఇచ్చే ఉత్తర్వు కాగితాన్ని పౌరసత్వ సర్టిఫికెట్‌తో సమానంగా దాచుకోండి.

ఫారం నింపడం: అవును-కాదు ప్రశ్నల దగ్గర ఆగండి

ఎన్-400ను ఆన్‌లైన్‌లో పంపితే 710 డాలర్లు, కాగితం మీద పంపితే 760. ఇవి 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన రుసుములు. ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాలకు 380. పంపే రోజున శాఖ వెబ్‌సైటులో రుసుము మరోసారి చూసుకోండి. ఆన్‌లైన్‌లో పంపడమే మేలు. తప్పిపోయిన గడి ఉంటే అక్కడికక్కడే చెబుతుంది, రసీదు వెంటనే వస్తుంది. ఆ రసీదుకు ఇంకో ఉపయోగం ఉంది. గ్రీన్ కార్డు గడువు దగ్గరపడుతుంటే దానితో కార్డుకు 24 నెలల పొడిగింపు వస్తుంది, పునరుద్ధరణకు విడిగా డబ్బు కట్టనక్కరలేదు.

చిరునామాలు, ఉద్యోగాలు ఐదేళ్లవి అడుగుతారు. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. పౌరసత్వ దరఖాస్తు అంటే మీ గ్రీన్ కార్డు ఫైలును మళ్లీ తెరవమని మీరే అడగడం. గ్రీన్ కార్డు ఇప్పించిన కంపెనీలో కార్డు వచ్చాక నిజంగా పనిచేశారా, కన్సల్టెన్సీ చూపించిన ఉద్యోగం, మీరు చేసిన ఉద్యోగం ఒకటేనా అని అధికారి అడగవచ్చు. అక్కడ తేడా ఉందని మీకే అనుమానం ఉంటే, ఫారం పంపే ముందు వలస చట్టం తెలిసిన లాయరును కలవండి. పంపిన తర్వాత కాదు.

ఆ తర్వాత అవును-కాదు ప్రశ్నలు వరుసగా వస్తాయి. చాలామంది అన్నింటికీ కాదు అని చకచకా నొక్కుకుంటూ పోతారు. వీటి దగ్గర మాత్రం చెయ్యి ఆపండి.

ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా? డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో అడిగిన ప్రశ్నకు పొరపాటున అవునన్నవాళ్లు ఉన్నారు. పౌరుడు కాకుండా ఓటరుగా నమోదు కావడం తీవ్రమైన విషయం. అలా జరిగి ఉంటే లాయరు లేకుండా ముందుకు వెళ్లకండి.

అరెస్టులు, కేసులు. కొట్టేసిన కేసు, సీలు వేసిన కేసు కూడా చెప్పాలి. మద్యం తాగి బండి నడిపిన కేసులు ఐదేళ్ల గడువులో రెండు ఉంటే సత్ప్రవర్తన లేదన్న అభిప్రాయంతోనే పరిశీలన మొదలవుతుంది. దుకాణంలో చిన్న వస్తువు దొంగతనం, భార్యాభర్తల గొడవలో పోలీసులు రావడం, ఇవి చూడడానికి చిన్నవి, వలస చట్టం కళ్లతో చూస్తే పెద్దవి. కొన్ని నేరాలకు పౌరసత్వం రాకపోవడంతో ఆగదు, దేశం నుంచి పంపించే ప్రక్రియ మొదలు కావచ్చు.

ప్రపంచంలో ఎక్కడైనా కమ్యూనిస్టు పార్టీలో సభ్యులా, దానితో సంబంధం ఉందా? ఆంధ్ర, తెలంగాణ కుటుంబాల్లో ఈ ప్రశ్నకు అంత సులువుగా కాదు అనలేనివాళ్లు కొంతమంది ఉంటారు. నాన్న పార్టీ మనిషి అయినంత మాత్రాన మీరు సభ్యులు కారు. కాలేజీలో విద్యార్థి సంఘం సభ్యత్వం రాయించుకున్నారా, అయితే అది నిజంగా పార్టీ అనుబంధమేనా, ఎప్పుడు ముగిసింది అన్నది లాయరుతో మాట్లాడి రాయండి. చట్టం చూసేది దరఖాస్తుకు ముందు పదేళ్ల కాలాన్ని. ఇరవై ఏళ్ల కిందట వదిలేసిన సభ్యత్వం అడ్డంకి కాదు. దాన్ని దాచి అబద్ధం చెప్పడం అడ్డంకి అవుతుంది.

ఆయుధ శిక్షణ ఎప్పుడైనా పొందారా? కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపులో రైఫిల్ పట్టినవాళ్లు అవును అని రాసి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నది రెండు వాక్యాల్లో వివరిస్తే సరిపోతుంది. దానివల్ల ఎవరికీ పౌరసత్వం ఆగదు.

సెలెక్టివ్ సర్వీస్ ప్రశ్న కొడుకుల తల్లిదండ్రులకు ముఖ్యం. 18 నుంచి 26 ఏళ్ల మధ్య గ్రీన్ కార్డు ఉన్న మగవాళ్లు సైనిక నమోదు చేసుకోవాలి. ఆ వయసంతా హెచ్-1బీ, ఎఫ్-1, హెచ్-4 వంటి చెల్లుబాటయ్యే వీసాల మీదే గడిచి ఉంటే అవసరం లేదు. ముప్పై దాటి గ్రీన్ కార్డు వచ్చిన తండ్రికి ఇది పట్టదు. 20 ఏళ్లకు గ్రీన్ కార్డు వచ్చిన కొడుక్కి పడుతుంది.

పన్నుల విషయం ఒక్క మాట. గ్రీన్ కార్డు వచ్చిన తర్వాత ఏ ఏడాదైనా నివాసి కాదన్న హోదాలో రిటర్న్ వేసి ఉంటే, అమెరికా నివాసాన్ని వదులుకున్నారని అర్థం చేసుకుంటారు. ఐదేళ్ల పన్ను ట్రాన్‌స్క్రిప్టులు పన్ను శాఖ వెబ్‌సైటు నుంచి ఉచితంగా దించుకుని ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి.

ఇంటర్వ్యూ, పరీక్ష

వేలిముద్రల కబురు ముందు వస్తుంది. ఆ తర్వాత ఇంటర్వ్యూ తేదీ. మధ్యలో ఇల్లు మారితే పది రోజుల్లోపు చిరునామా మార్పు తెలియజేయాలి.

ఇంటర్వ్యూలో అధికారి మీ ఎన్-400ను పేజీ తర్వాత పేజీ తిప్పుతూ అడుగుతారు. ఆ సంభాషణే ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష. చదవడానికి మూడు వాక్యాల దాకా ఇస్తారు, ఒక్కటి సరిగా చదివితే చాలు. రాయడమూ అంతే.

పౌర పరిజ్ఞాన పరీక్ష 2025లో మారింది. 2025 అక్టోబర్ 20 నుంచి పంపిన దరఖాస్తులకు 128 ప్రశ్నల కొత్త జాబితా. అందులోంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. పన్నెండు సరి కాగానే ఆపేస్తారు, తొమ్మిది తప్పినా ఆపేస్తారు. పాత స్నేహితులు ఇచ్చే వంద ప్రశ్నల పుస్తకం పక్కన పెట్టి, శాఖ వెబ్‌సైటు నుంచి కొత్త జాబితా దించుకోండి. జవాబులు పొట్టిగా ఉంటాయి: దేశపు అత్యున్నత చట్టం రాజ్యాంగం, సెనేటర్లు 100, ఓటు హక్కున్న ప్రతినిధులు 435, రాజ్యాంగ సవరణలు 27. మీ గవర్నరు, మీ సెనేటర్లు, స్పీకరు ఎవరన్నవి మారిపోయే జవాబులు. ఇంటర్వ్యూకు వెళ్లే వారంలో మరోసారి చూసుకోండి. రాష్ట్ర రాజధాని కూడా అడగవచ్చు. ఫ్రిస్కోలో ఉండేవాళ్లు డాలస్ అని, ఎడిసన్‌లో ఉండేవాళ్లు న్యూవార్క్ అని నోరు జారకండి. అవి ఆస్టిన్, ట్రెంటన్.

ఏ భాగంలో తప్పినా 60 నుంచి 90 రోజుల మధ్య ఆ భాగానికి మళ్లీ పిలుస్తారు.

పెద్దవాళ్లు తెలుగులో పరీక్ష రాయవచ్చా?

నోటితో చెప్పేదే కాబట్టి తెలుగులో చెప్పవచ్చు, అర్హత ఉంటే. 50 ఏళ్లు నిండి గ్రీన్ కార్డుతో 20 ఏళ్లు, లేదా 55 నిండి 15 ఏళ్లు ఉన్నవాళ్లకు ఇంగ్లీషు నుంచి మినహాయింపు ఉంది. దుబాసీని వెంట తీసుకెళ్లి పౌర పరిజ్ఞాన ప్రశ్నలకు తెలుగులో జవాబు ఇవ్వవచ్చు. 65 దాటి 20 ఏళ్ల గ్రీన్ కార్డు ఉంటే చదవాల్సిన ప్రశ్నలే 20. వాటిలో పది అడుగుతారు, ఆరు చెబితే చాలు.

ఇక్కడ కూడిక చేసి చూడండి. 60 ఏళ్ల వయసులో గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మకు ఐదేళ్లకే దరఖాస్తు అర్హత వస్తుంది, ఇంగ్లీషు మినహాయింపు మాత్రం 75 ఏళ్లు వచ్చాకే. 65లోనే కావాలంటే ఇంగ్లీషు నేర్చుకోవాల్సిందే. చాలా ఊళ్లలో ప్రజా గ్రంథాలయాలు పౌరసత్వ తరగతులు ఉచితంగా నడుపుతాయి. అమ్మను అక్కడ చేర్చడం ఇంట్లో మీరు విసుక్కుంటూ నేర్పడం కన్నా మంచిది.

మతిమరుపు వ్యాధి, పక్షవాతం వంటి కారణాలతో నేర్చుకునే శక్తే లేకపోతే ఎన్-648 ఫారం ఉంది. దాన్ని వైద్యుడు పూరించాలి. ఆ జబ్బు వల్ల ఈ మనిషి ఎందుకు నేర్చుకోలేరో స్పష్టంగా రాయాలి. వయసు మీద పడిందని రాస్తే ఒప్పుకోరు.

దుబాసీగా కుటుంబ సభ్యులను తీసుకెళ్లడం అధికారి అంగీకారం మీద ఆధారపడి ఉంటుంది. ఉన్నది ఉన్నట్లు చెప్పకుండా అమ్మ తరఫున కొడుకే జవాబు అల్లుతున్నాడనిపిస్తే ఆపేస్తారు. రెండు భాషలూ బాగా వచ్చిన బయటి మనిషి మేలు.

ప్రమాణం రోజు

ప్రమాణం చేసేదాకా మీరు పౌరులు కారు. ఇంటర్వ్యూ అయ్యాక వచ్చిన ట్రాఫిక్ కేసు, చేసిన విదేశీ ప్రయాణం, అన్నీ ఆ రోజు ఇచ్చే ఎన్-445 ఫారంలో రాయాలి. గ్రీన్ కార్డు అక్కడ వెనక్కి తీసుకుంటారు, సర్టిఫికెట్ ఇస్తారు. అందులో పేరు, పుట్టిన తేదీ, పుట్టిన దేశం హాలు దాటకముందే చదివి చూసుకోండి. తర్వాత సరిచేయించుకోవడం నెలల పని. సర్టిఫికెట్ మీద నకలు తీయకూడదన్న హెచ్చరిక చూసి కంగారు పడకండి, చట్టబద్ధమైన అవసరాలకు తీసుకోవచ్చు. పాస్‌పోర్టుకు అసలు సర్టిఫికెట్ పంపాలి కాబట్టి ముందే రంగుల నకలు ఒకటి తీసి పెట్టుకోండి.

ఆ క్షణం నుంచి ఒక చిత్రమైన విరామం మొదలవుతుంది. గ్రీన్ కార్డు లేదు, అమెరికా పాస్‌పోర్టు ఇంకా రాలేదు, భారత పాస్‌పోర్టు వాడడం నేరం. విదేశాలకు వెళ్లే దారే లేదు. ఇంట్లో పెళ్లి ముహూర్తమో సంవత్సరీకమో దగ్గరలో ఉంటే, ప్రమాణానికి ముందే వెళ్లి రావడం లేదా తేదీ మార్చమని కోరడం తెలివైన పని. తపాలా కార్యాలయంలో డీఎస్-11 ఫారంతో పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయండి. సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో హోదా మార్పించుకోండి. ఓటరుగా ఇప్పుడు ధైర్యంగా నమోదు కండి.

భారతదేశం వైపు పని

మొదటిది భారత పాస్‌పోర్టు సరెండర్. గడువు ముగిసిన పాస్‌పోర్టయినా సరే, దాన్ని అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అమెరికాలో ఈ దరఖాస్తులు వీఎఫ్ఎస్ అనే సేవల సంస్థ ద్వారా, మీ రాష్ట్రం ఏ కాన్సులేట్ పరిధిలోకి వస్తుందో అక్కడికి వెళతాయి. డాలస్ వాళ్లకు హ్యూస్టన్, న్యూజెర్సీ వాళ్లకు న్యూయార్క్. ఆలస్యం చేసినా, ప్రమాణం తర్వాత భారత పాస్‌పోర్టుతో ప్రయాణించినా జరిమానా ఉంటుంది. 'ఇంకా ఆరేళ్ల గడువుంది, ఈ ఒక్కసారి దీనితోనే వెళ్లిరా' అని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి.

రెండోది ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. ఈ పథకం మొదలైంది 2006 జనవరిలో మన హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే. అమెరికాలో రుసుము 275 డాలర్లు. అమెరికా పాస్‌పోర్టు, పౌరసత్వ సర్టిఫికెట్, సరెండర్ సర్టిఫికెట్ జత చేయాలి. దరఖాస్తులు ఎక్కువగా వెనక్కి వచ్చేది ఫొటో, సంతకం కొలతలు సరిపోకపోవడం వల్ల, పేర్లలో అక్షరాల తేడాల వల్ల. కార్డు వచ్చేలోగా అత్యవసరంగా వెళ్లాల్సి వస్తే అమెరికా పాస్‌పోర్టు మీద ఈ-వీసాకు దరఖాస్తు చేయవచ్చు.

ఓసీఐ పేరులో పౌరసత్వం ఉన్నా అది జీవితకాలపు వీసా మాత్రమే. ఓటు లేదు, ఎన్నికల్లో పోటీ లేదు. పత్రికా రచన, పరిశోధన, మత ప్రచారం వంటి పనులకు ప్రత్యేక అనుమతి కావాలి.

అందరూ అడిగేది పొలం గురించి. ఓసీఐ ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనలేరు. అందుకని ప్రమాణానికి ముందే హడావిడిగా రెండెకరాలు కొనేద్దామని కొందరు బయలుదేరతారు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులకు కూడా విదేశీ మారక చట్టం కింద అదే నిషేధం ఎప్పటినుంచో ఉంది. కాబట్టి ఆ హడావిడికి అర్థం లేదు. వారసత్వంగా వచ్చిన పొలం మాత్రం నిస్సందేహంగా మీదే, పౌరసత్వం మారినంత మాత్రాన పోదు. అమ్మాలనుకుంటే భారతదేశంలో నివసించే భారత పౌరుడికే అమ్మాలి. నాన్నగారు బతికుండగా కానుకగా పొలం రాసివ్వడం ఈ నిబంధనల కింద కుదరదు, వీలునామా ద్వారా రావడం కుదురుతుంది. పట్టణంలో ఇల్లు, ఫ్లాటు కొనడానికి ఇబ్బంది లేదు.

బ్యాంకులో పాత సేవింగ్స్ ఖాతా ఇంకా అలాగే ఉంటే ఎన్ఆర్ఓగా, అంటే ప్రవాసుల ఖాతాగా, మార్పించండి. అది నిజానికి ఊరు వదిలిన ఏడాదే చేయాల్సిన పని. ఊళ్లో ఓటరు జాబితాలో పేరు తీయించుకోండి.

పిల్లల సంగతి

అమెరికాలో పుట్టిన పిల్లలకు ఇదేదీ అవసరం లేదు. ఇండియాలో పుట్టి గ్రీన్ కార్డుతో మీతో ఉంటున్న పిల్లలకు, 18 నిండకముందు తల్లి గానీ తండ్రి గానీ పౌరులైతే, ఆ రోజే వాళ్లకూ పౌరసత్వం దానంతటదే వస్తుంది. పరీక్ష లేదు, ప్రమాణం లేదు. రుజువుగా ఎన్-600 సర్టిఫికెట్ తీసుకోవచ్చు గానీ దాని రుసుము వెయ్యి డాలర్లు దాటుతుంది. తక్కువ ఖర్చులో అమెరికా పాస్‌పోర్టు తీస్తే అదే రుజువు. వాళ్ల భారత పాస్‌పోర్టులూ సరెండర్ చేయాలన్నది మరచిపోవద్దు. పిల్లవాడికి 17 ఏళ్లు నడుస్తుంటే మీ దరఖాస్తు ఒక్క నెల కూడా ఆలస్యం చేయకండి. 18 దాటితే వాడు సొంతంగా ఎన్-400 వేసుకోవాలి.

ఓసీఐ ఉన్న పిల్లలకు 20 ఏళ్లు నిండాక కొత్త పాస్‌పోర్టు తీసినప్పుడు కార్డు ఒకసారి మార్పించాలి. అంతకు ముందు పాస్‌పోర్టు మారినప్పుడల్లా కొత్త పాస్‌పోర్టు, ఫొటో ఆన్‌లైన్‌లో ఎక్కిస్తే సరిపోతుంది. 50 దాటిన పెద్దవాళ్లు కొత్త పాస్‌పోర్టు వచ్చాక ఒకసారి అలాగే ఎక్కించాలి.

మళ్లీ భారత పౌరులు కావాలంటే

దారి ఉంది, పొడవైనది. ఓసీఐగా ఐదేళ్లు నమోదై ఉండి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు భారతదేశంలో నివసించి ఉండాలి. అమెరికా పౌరసత్వం వదులుకోవాలి. ఆ పన్నెండు నెలల నివాసాన్ని ఎంత గట్టిగా చూస్తారో వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ కేసు చెబుతుంది. జర్మనీ పౌరసత్వం తీసుకున్న ఆయన 2009లో తిరిగి భారత పౌరసత్వం పొందారు. దరఖాస్తుకు ముందు ఏడాదిలో చేసిన విదేశీ ప్రయాణాలు దాచారన్న కారణంతో కేంద్ర హోంశాఖ 2019లో దాన్ని రద్దు చేసింది. 2024 డిసెంబర్‌లో తెలంగాణ హైకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసి, 30 లక్షల రూపాయలు ఖర్చుల కింద కట్టమంది. రోజుల లెక్క అక్కడా తప్పదు కాబట్టి స్ప్రెడ్‌షీట్ చెరిపేయకండి.